చెవిలో ఉంది... నోట్లో నానుతోంది

సరిహద్దు ఇళ్లలో పిల్లలకు తెలుగు అర్థమవుతుంది, పలకదు. విన్న మాట మెదడులో ఎక్కడ దాగుతుంది? ఎలా గుర్తుకొస్తుంది?

అమ్మ వంటింట్లోంచి కేకేస్తుంది. ‘‘ఒరేయ్‌, అటక మీదున్న చాట తీసుకురారా!’’ పిల్లాడు వెళ్తాడు. చాటే తెస్తాడు. జల్లెడ తేడు, బుట్ట తేడు. చేతికిచ్చేటప్పుడు మాత్రం బళ్లారిలో అయితే ‘తగొళ్లమ్మా’ అంటాడు, హోసూరులో అయితే ‘ఇందామ్మా’ అంటాడు. బరంపురంలో ఒడియా మాట, సిరొంచలో మరాఠీ మాట. అడిగింది ఒక భాషలో, జవాబొచ్చింది ఇంకో భాషలో. ఆ తేడా ఇద్దరిలో ఎవరికీ పట్టదు.

చుట్టాలొచ్చినప్పుడు అదే తల్లి అంటుంది: ‘‘మావాడికి తెలుగు రాదండీ.’’

రాకపోతే చాట ఎలా తెచ్చాడు?

2011 జనాభా లెక్కల్లో తెలుగును మాతృభాషగా రాయించుకున్నవాళ్లు తమిళనాట దాదాపు 42 లక్షలు, కర్ణాటకలో 35 లక్షల పైచిలుకు, మహారాష్ట్రలో 13 లక్షల దాకా, ఒడిశాలో 6 లక్షలకు పైనే. యానాం సంగతి వేరు, అక్కడ ఊరూ తెలుగే, పాలనా తెలుగే. మిగతా చోట్ల చాలా ఇళ్లలో తెలుగు పుస్తకం మీద కాదు, చెవి మీద బతుకుతోంది. కాబట్టి చెవిన పడ్డ మాట మెదడులో ఎలా కుదురుకుంటుందన్నది మనకు సైన్సు పేజీ విషయం మాత్రమే కాదు, ఇంటి విషయం కూడా.

‘గుమ్మ...’ అనగానే

కబుర్లలో సెకనుకు రెండు మూడు మాటలు దొర్లిపోతుంటాయి. పెద్దవాళ్ల బుర్రలో మాటలు వేలల్లో ఉంటాయి, బాగా చదువుకున్నవాళ్లకు పదుల వేలల్లో. భాషావేత్తలు ఈ నిల్వను ‘మెంటల్‌ లెక్సికన్‌’ అంటారు. మనం మాటల గాదె అనుకుందాం. ఇంత గాదెలోంచి సరైన గింజను సెకనులో చిన్న ముక్క కాలంలో పట్టుకోవాలి. పుస్తకంలో పేజీలు తిప్పినట్టు వెతికితే తెమిలే పని కాదు.

అది వెతుకులాటే కాదని 1970లలో విలియం మార్స్‌లెన్‌-విల్సన్‌ అనే బ్రిటిష్‌ శాస్త్రవేత్త చెప్పారు. ఆయన లెక్క ప్రకారం మాట మొదలు చెవిన పడగానే, ఆ మొదలున్న మాటలన్నీ ఒక్కసారిగా లేచి నిలబడతాయి. ఒక దండు లేచినట్టు. తర్వాతి శబ్దం వచ్చేకొద్దీ దండులోంచి ఒక్కొక్కటే కూర్చుంటుంది. చివరికి నిలబడి మిగిలిందే మనం విన్న మాట.

తెలుగులో చూద్దాం. ‘గు’ అనగానే గుడి, గుర్రం, గురువు, గుండె, గుమ్మం... అన్నీ లేస్తాయి. ‘గుమ్మ’ దగ్గరికొచ్చేసరికి గుమ్మం, గుమ్మడి, గుమ్మటం, గుమ్మరించు లాంటివి కొన్నే మిగులుతాయి. ‘డ’ వినబడిందా, ఇక గుమ్మడే. ‘కాయ’ అనే ముక్క ఇంకా నోట్లోనే ఉంది, వినేవాడికి మాట అప్పుడే అందింది. అంతకుముందు ‘అవ్వ పులుసులోకి’ అని ఉంటే ‘డ’ దాకా ఆగక్కర్లేదు. ‘కాళ్లు కడుక్కుని’ అని ఉంటే గుమ్మమే ముందు నిలబడుతుంది.

దీన్ని పరీక్షించే పద్ధతి సరదాగా ఉంటుంది. 1980లో ఫ్రాన్స్వా గ్రోజాన్‌ అనే శాస్త్రవేత్త మాటను సన్నటి ముక్కలుగా కోసి వినిపించాడు. మొదట ఒక్క ముక్క. తర్వాత అదే ముక్కకు ఇంకాస్త కలిపి. అలా పెంచుకుంటూ పోయి, ప్రతిసారీ ‘ఏ మాట?’ అని అడిగాడు. వాక్యం మధ్యలో వచ్చే మామూలు మాటల్ని సెకనులో అయిదో వంతు వినగానే జనం పట్టేస్తున్నారని ఇలాంటి ప్రయోగాల్లో తేలింది. అంటే మాట పూర్తికాకముందే. అంతకుముందు 1973లో మార్స్‌లెన్‌-విల్సన్‌ ఇంకో ప్రయోగం చేశాడు. చెవిలో వినిపించే మాటల్ని వెంటవెంటనే పైకి అనమన్నాడు. కొందరు పావు సెకను వెనకాలే అనుకుంటూ పోయారు. అదీ చిలకపలుకుల్లా కాదు, అర్థమవుతూనే.

మధ్యలో శబ్దం ఎగిరిపోయినా చెవి సర్దుకుంటుంది. 1970లో రిచర్డ్‌ వారెన్‌ ఒక ఇంగ్లీషు మాటలో ఒక్క ‘స’ శబ్దాన్ని కత్తిరించి, ఆ చోట దగ్గు పెట్టాడు. విన్న 20 మందిలో 19 మంది ఏ శబ్దమూ పోలేదన్నారు. పోయిందన్న ఆ ఒక్కరూ పోని శబ్దాన్ని చూపించారు. గాదెలో మాట ఉంటే చాలు, చిరిగిన చోట మెదడే మాసిక వేసుకుంటుంది. బస్టాండులో మైకు గరగరలాడుతున్నా మన ఊరి పేరు మనకు వినబడేది ఇందుకే. తెలియని ఊరి పేరైతే పక్కవాళ్లను అడగాల్సిందే.

ఇంకో సంగతి. అచ్చులో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉంటుంది, నోట్లో ఉండదు. ‘వాడేమన్నాడంటే’ అని ఒక్క గుక్కలో అంటాం. తెలుగు రానివాడికి అందులో నాలుగు మాటలున్నాయని ఎలా తెలుస్తుంది? మరి పాలు తాగే పిల్లకు ఎలా తెలిసింది? 1996లో అమెరికాలో జెన్నీ సఫ్రాన్‌, ఆమె సహచరులు 8 నెలల పిల్లలకు అర్థంలేని అక్షరాల వరసను ఎక్కడా ఆగకుండా రెండు నిమిషాలు వినిపించారు. ఏ అక్షరం వెనక ఏ అక్షరం మళ్లీ మళ్లీ వస్తోందో ఆ కాస్తలోనే పిల్లల చెవి లెక్కగట్టేసింది. మాట ఎక్కడ మొదలై ఎక్కడ తెగుతుందో పట్టేసింది. ఇంకో అధ్యయనం ప్రకారం నాలుగున్నర నెలలకే పిల్లలు తమ పేరును గుర్తుపడతారు. ఉయ్యాల దగ్గర పెద్దలు మాట్లాడుకునే తెలుగు వృథా పోదన్నమాట.

రెండు కొట్లు కాదు, ఒకే గాదె

సరిహద్దు పిల్లల దగ్గరకొద్దాం. వీళ్లకు ఇంట్లో ఒక భాష, వీధిలో ఒకటి. తెలుగు మాటలకో కొట్టు, కన్నడం మాటలకో కొట్టు ఉంటాయా? ఒకటి తెరిస్తే ఇంకోటి మూసుకుంటుందా?

1999లో మైకేల్‌ స్పైవీ, వియొరికా మరియన్‌ అమెరికాలో రష్యన్‌, ఇంగ్లీషు రెండూ వచ్చినవాళ్లను కూర్చోబెట్టారు. ఎదురుగా కొన్ని వస్తువులు పెట్టి, కళ్లు ఎటు తిరుగుతున్నాయో కెమెరాతో కనిపెట్టారు. రష్యన్‌లో ‘స్టాంపు జరుపు’ అని చెప్పారు. రష్యన్‌లో తపాలా బిళ్లను ‘మార్కా’ అంటారు, వాక్యంలో అది ‘మార్కు’ అవుతుంది. పక్కనే ఒక మార్కర్‌ పెన్ను ఉంది. ఇంగ్లీషు మాట ఒక్కటీ వాడకపోయినా జనం కళ్లు ఆ పెన్ను మీదికీ వెళ్లొచ్చాయి. చెప్పింది ఒక భాష, లేచింది రెండు భాషల దండు.

మన ఊళ్లలో ఈ పరీక్షకు కెమెరా అక్కర్లేదు. ‘కల్లు’ అనండి. తెలుగు చెవికి అది ముంతలో ఉండేది. కన్నడ, తమిళ చెవికి రాయి. వాళ్లకు ముంతలో ఉండేది ‘కళ్లు’, మనకేమో అవి ముఖాన ఉండేవి. హోసూరు పిల్లకు ‘పల్లి’ అంటే తమిళంలో గోడ మీద బల్లి, ‘పళ్లి’ అంటే బడి, ‘పళ్లు’ అంటే ఇంట్లో తోముకునేవి. సిరొంచలో ‘పాలు’ అనేలోపు మరాఠీ ‘పాల్‌’ లేస్తుంది, అదీ బల్లే! బరంపురంలో ‘కాలి’ అంటే ఒడియాలో నిన్న, రేపు అని చెప్పేటప్పుడు వచ్చే మాట, తెలుగులో కాలి మెట్టెల దగ్గరొచ్చే మాట. రాయలసీమవాళ్ల అవ్వ నాయనమ్మ, అమ్మమ్మ. ఉత్తర కర్ణాటకలో అవ్వ అంటే అమ్మే.

ఇన్ని మాటలు ఒకేసారి లేస్తే పిల్లలు తికమకపడరా అని పెద్దల భయం. పడరు. అంతకుముందు మాట ఏ భాషది, మాట్లాడుతున్నది ఎవరు, చేతిలో ఏముంది అన్నవి చూసుకుని అక్కర్లేనివి చిటికెలో కూర్చుంటాయి. రెండు భాషలు వచ్చినవాడు ఒక ఒంట్లో దూరిన ఇద్దరు మనుషులు కాడు, అతనిది వేరే రకం పూర్తి మనిషి లెక్క అని గ్రోజాన్‌ 1989లో రాశాడు. ఆయనా రెండు భాషల మధ్య పెరిగినవాడే.

పైగా పక్క పక్క భాషలు ఒకదానికొకటి దారి చూపిస్తాయి కూడా. పాలు-హాలు, పులి-హులి, పాము-హావు, పండు-హణ్ణు. ఒకప్పటి ‘ప’ను కన్నడం ‘హ’ చేసుకుందని బళ్లారి పిల్లాడికి ఎవరూ చెప్పలేదు. కానీ వాడి చెవికి తెలుసు.

ఇక్కడే మహారాష్ట్రలోని కుప్వాడ్‌ ముచ్చట చెప్పుకోవాలి. సాంగ్లీ దగ్గర ఊరు. కన్నడం, మరాఠీ, ఉర్దూతో పాటు తెలుగు మాట్లాడే కుటుంబాలూ ఉండేవి. జాన్‌ గంపర్జ్‌, రాబర్ట్‌ విల్సన్‌ ఆ ఊరి భాషల మీద 1971లో రాసిన వ్యాసం భాషాశాస్త్రంలో పేరుపడింది. వందల ఏళ్ల ఇరుగుపొరుగులో అక్కడి కన్నడం, మరాఠీ, ఉర్దూల వాక్యాల పోకడ దాదాపు ఒకటైపోయింది. మాటకు మాట పెట్టేస్తే చాలు, ఈ భాష వాక్యం ఆ భాష వాక్యమైపోతుంది. మాటలు మాత్రం ఎవరివి వాళ్లకే మిగిలాయి. వాక్యం అరువు తెచ్చుకున్నా ఇంటి మాటను జనం వదులుకోలేదు. ‘మన తెలుగు కన్నడంలా ఉంటుంది’ అని బళ్లారివాళ్లు నవ్వుకుంటారు గానీ, అందులో నవ్వాల్సిందేమీ లేదు.

గొంతుతో సహా నిల్వ

హోసూరు వైపు ఇళ్లలో ‘యాడికి పోతా ఉండావు’ అంటే పిల్లలకు ఇట్టే తెలుస్తుంది. అదే పిల్లలు టీవీలో తెలుగు వార్తలు పెడితే అర్థం కాలేదంటారు. ‘చూశారా, తెలుగు రాదు’ అని పెద్దలు తేల్చేస్తారు.

ఈ తీర్పు తొందరపాటు. మాటలు మెదడులో కేవలం అక్షరాల గుర్తుల్లా మాత్రమే ఉండవని, విన్న గొంతుల జాడలు కూడా వాటికి అంటుకుని ఉంటాయని 1990లలో అమెరికాలో వరసగా ప్రయోగాలు చూపించాయి. ఒక మాటను మొదట ఏ గొంతులో విన్నారో రెండోసారీ అదే గొంతులో వింటే ‘ఇది ఇందాక విన్నదే’ అని గుర్తుపట్టడం తేలికైంది. 1994లో లిన్‌ నైగార్డ్‌ బృందం కొందరికి పది మంది గొంతులు తొమ్మిది రోజుల పాటు అలవాటు చేసింది. తర్వాత గోలలో కొత్త మాటలు వినిపిస్తే, అలవాటైన గొంతులు పలికినవి వాళ్లకు బాగా అందాయి. మాట కొత్తదే, గొంతు పాతది. ఆ మాత్రం చాలింది.

అవ్వ గొంతులో విన్న సామెత ఇరవయ్యేళ్ల తర్వాత అవ్వ గొంతుతోనే చెవిలో మోగుతుందంటే కవిత్వం అనుకుంటాం. అందులో కొంత శాస్త్రమూ ఉంది.

కాబట్టి సరిహద్దు పిల్లల గాదెలో ఉన్నది నాలుగైదు గొంతుల తెలుగు. అమ్మ, నాన్న, అవ్వ, తాత, మేనమామ. ఆ యాసే వాళ్లకు తెలుగు. భద్రిరాజు కృష్ణమూర్తి నేతృత్వంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలతో, 1962లో వచ్చింది. అలా ఊరూరా పోగుచేసిన పదాల ఆధారంగా తెలుగును నాలుగు మాండలికాలుగా విడదీశారు. బరంపురం తెలుగు ఉత్తరాంధ్రతో, సిరొంచ తెలుగు తెలంగాణతో, బళ్లారి, హోసూరు తెలుగు రాయలసీమతో చుట్టరికం కలిసినవి. టీవీ తెలుగు వీటిలో దేనికీ సొంత బిడ్డ కాదు. అది అర్థం కాకపోవడం తెలుగు రాకపోవడం ఎలా అవుతుంది? విన్న గొంతులు తక్కువ, అంతే. పరాయి భాషల శబ్దాలు నేర్పే ప్రయోగాల్లో కూడా ఒకే గొంతుతో నేర్చినవాళ్ల కంటే పలు గొంతులతో నేర్చినవాళ్లకు కొత్త మనిషి మాట త్వరగా అందింది.

నోట్లో నానడం అంటే

ఇక అసలు చిక్కు. అర్థమయ్యేది నోటికెందుకు రాదు?

ఇది పెద్దలకూ జరిగేదే. ‘అబ్బా, నోట్లో నానుతోంది గానీ రావట్లేదు’ అంటాం. 1966లో హార్వర్డ్‌లో రోజర్‌ బ్రౌన్‌, డేవిడ్‌ మెక్‌నీల్‌ దీన్ని పరీక్ష గదిలోకి తెచ్చారు. అరుదైన మాటల అర్థాలు చదివి, మాట చెప్పమన్నారు. నోట్లో నానుతోందన్నవాళ్లను ‘పోనీ మొదటి అక్షరం?’ అని అడిగితే సగానికి పైగా సార్లు సరిగ్గా చెప్పారు. మాటలో ఎన్ని అక్షరాలున్నాయో కూడా చాలాసార్లు చెప్పగలిగారు. మాట పోలేదు. అర్థం దొరికింది, శబ్దం సగమే దొరికింది.

ఎందుకలా? 1991లో డెబొరా బర్క్‌ బృందం ఒక వివరణ ఇచ్చింది. అర్థం ఒకచోట, శబ్దం ఒకచోట ఉంటాయి. మధ్యలో బాట. వాడినకొద్దీ గట్టిపడుతుంది, వాడకపోతే గడ్డి మొలుస్తుంది. వయసుతోనూ బలహీనపడుతుంది. పెద్దవాళ్లకు పేర్లు చటుక్కున తట్టకపోవడం ఇందుకే. రెండు భాషలవాళ్లకు ఇది ఒక్క భాషవాళ్ల కంటే ఎక్కువని తామర్‌ గోలన్‌ ప్రయోగాల్లో కనబడింది. వాళ్లకు మతిమరుపు ఎక్కువని కాదు. ఒకే నోరు రెండు భాషలకు పంచాలి కాబట్టి ఒక్కో మాటకు వంతు తక్కువ పడుతుంది.

వినేటప్పుడు పని తేలిక. శబ్దాన్ని ఎదుటివాడే ఇస్తున్నాడు, మనం అర్థం దగ్గరికి నడిస్తే చాలు. చెప్పేటప్పుడు అర్థం దగ్గర బయల్దేరి శబ్దాన్ని మనమే తవ్వుకోవాలి. మన పిల్లలకు మొదటి బాట తారు రోడ్డు. రోజూ అమ్మ మాట వింటున్నారు. రెండో బాటలో గడ్డి. ఎందుకంటే కన్నడంలోనో తమిళంలోనో చెప్పినా అమ్మకు అర్థమైపోతుంది, పని జరిగిపోతుంది. గడ్డి కోయాల్సిన అవసరమే రాలేదు. ‘తెలుగు రాదు’ అనడం కంటే ‘తెలుగు నడవలేదు’ అనడం నిజానికి దగ్గర.

అక్షరం రానంత మాత్రాన

తమిళనాడులో 2006లో చేసిన చట్టంతో ఒకటో తరగతి నుంచి ఏడాదికో తరగతి చొప్పున తమిళం తప్పనిసరైంది. తెలుగు, కన్నడ, ఉర్దూ మాధ్యమాల పిల్లల విషయం కోర్టుల దాకా వెళ్లింది. ఆ వాదాల్లోకి ఇక్కడ పోవడం లేదు. ఆ గొడవలో పుట్టిన ఒక నమ్మకం గురించి మాత్రం చెప్పాలి. ‘అఆలే రాకపోతే ఇక భాష ఎక్కడిది’ అన్నది ఆ నమ్మకం.

1979లో పోర్చుగల్‌లో జోజె మొరాయిష్‌ తదితరులు చదువురాని పెద్దవాళ్లను పరీక్షించారు. మాటలోంచి మొదటి శబ్దం తీసేసి చెప్పమంటే చాలామంది చెప్పలేకపోయారు. పెద్దయ్యాక చదువు నేర్చుకున్నవాళ్లు చెప్పగలిగారు. అయితే చదువురానివాళ్లు మాట్లాడటంలో, వినటంలో ఏ లోటూ లేనివాళ్లే. మాటను ముక్కలుగా కోసి చూసే చూపును అక్షరం ఇస్తుంది. మాటను గాదెలో పోసేది మాత్రం చెవే. వేలిముద్ర వేసే తాతకు తెలిసిన మాటలు డిగ్రీ చదివిన మనవడికి తెలియకపోవడం మన ఇళ్లలో చూస్తున్నదే.

అలాగని అక్షరం అక్కర్లేదనలేం. ఇంట్లో వినబడని మాట చెవి ద్వారా రాదు. కెనడాలో ఎలెన్‌ బియలిస్టాక్‌ బృందం 3 నుంచి 10 ఏళ్ల వయసున్న 1,700 మందికి పైగా పిల్లల ఇంగ్లీషు మాటల్ని పరీక్షించి 2010లో ఫలితాలు చెప్పింది. ఇంట్లో వేరే భాష ఉన్న పిల్లలకు ఇంగ్లీషు మాటలు కాస్త తక్కువ తెలుసు. కానీ ఏవి తక్కువని ఆరేళ్ల పిల్లల్లో చూస్తే, అవన్నీ ఇంటికి సంబంధించినవి. బడి మాటల్లో తేడా లేదు. అంటే వంటింటి మాటలు ఇంటి భాషలో ఉన్నాయి, బడి మాటలు బడి భాషలో. మన దగ్గరా అంతే. పోపు, తాలింపు, చాట, చేట తెలుగులో ఉంటాయి. భిన్నాలు, కిరణజన్య సంయోగక్రియ కన్నడంలోనో తమిళంలోనో ఉంటాయి. ఒక్క భాష పెట్టి కొలిస్తే పిల్లాడు తక్కువగానే కనబడతాడు. రెండూ కలిపి కొలవాలి.

దిగులుపడాల్సింది ఇంకోచోట. పని పోతే మాట పోతుంది. మగ్గం ఉన్న ఇంట్లో పడుగు, పేక, ఆసు, నాడె, కండె రోజూ చెవిన పడేవి. మగ్గం లేచిపోయిన ఇంట్లో వాటిని ఎవరు పలుకుతారు? నాగలి పోయాక మేడి, కర్రు, నొగ అన్నవీ అంతే. వాటిని వినని తరం వాటిని మరిచిపోయిందనలేం. ఆ మాటలు వాళ్ల గాదెకు చేరనే లేదు.

పూర్తిగా మరిచిపోతే?

మరి చేరినవి, తర్వాత వినడం మానేస్తే ఏమవుతాయి? హోసూరు నుంచి చెన్నై వెళ్లి స్థిరపడి, ఇంట్లో కూడా తెలుగు ఆపేసినవాళ్ల సంగతేమిటి?

దీనికి జవాబు దత్తత పిల్లల దగ్గర దొరికింది. కొరియాలో పుట్టి, 3 నుంచి 8 ఏళ్ల మధ్య ఫ్రాన్స్‌కు దత్తతకు వెళ్లినవాళ్లు ఉన్నారు. ఆ తర్వాత కొరియా మాట విననేలేదు. వాళ్లు పెద్దయ్యాక క్రిస్టఫ్‌ పాలియే బృందం స్కానర్‌లో పడుకోబెట్టి కొరియా వాక్యాలు వినిపించింది. 2003లో వచ్చిన ఆ ఫలితం గుండె కలుక్కుమనిపించేది. వాళ్ల మెదడు కొరియా భాషకు ఏమాత్రం ప్రత్యేకంగా స్పందించలేదు. పుట్టుకతో ఫ్రెంచివాళ్లకూ వాళ్లకూ తేడా లేదు. అమ్మ భాష తుడిచిపెట్టుకుపోయినట్టే అనిపించింది.

కథ అక్కడితో అయిపోలేదు. 2014లో మాంట్రియల్‌లో లారా పియర్స్‌ బృందం చైనా నుంచి ఏడాది వయసు అటూ ఇటూగా దత్తతకు వచ్చిన ఆడపిల్లల్ని పరీక్షించింది. 9 నుంచి 17 ఏళ్లవాళ్లు. చైనా మాట ఒక్కటీ రాదు. కానీ చైనా భాషలోని స్వరాల ఎత్తుపల్లాలు వినిపించినప్పుడు వాళ్ల మెదడు చైనా భాష వచ్చినవాళ్ల మెదడులాగే స్పందించింది. 2017లో నెదర్లాండ్స్‌కు దత్తతకు వెళ్లిన కొరియావాళ్ల మీద ఇంకో పరిశోధన వచ్చింది. కొరియా శబ్దాలు నేర్పితే, వాటిని పలకడంలో ఎప్పుడూ విననివాళ్లకంటే వీళ్లు బాగా రాణించారు. ఆరు నెలలు నిండకముందే దేశం దాటిన పిల్లలు కూడా అంతే. మాటలు పోయినా మాటల అచ్చు మిగిలింది.

మనకు ఇంకా దగ్గరగా వచ్చేది 2002 నాటి అమెరికా అధ్యయనం. చిన్నప్పుడు ఇంట్లో పెద్దలు స్పానిష్‌ మాట్లాడుకుంటుంటే పక్కన కూర్చుని విన్నారే తప్ప, తాము పెద్దగా మాట్లాడనివాళ్లను టెర్రీ ఆవ్‌ బృందం చూసింది. కాలేజీలో చేరి స్పానిష్‌ నేర్చుకున్నప్పుడు వీళ్ల ఉచ్చారణ, చిన్నప్పుడు విననివాళ్ల కంటే సొంతభాషవాళ్లకు దగ్గరగా ఉంది. ఊరికే వినడం కూడా ఊరికే పోలేదు.

హైదరాబాద్‌ ఆసుపత్రి లెక్క

రెండు భాషలు మోస్తే పిల్లలకు భారమంటారు. ముసలితనంలో ఆ మోతే ఆసరా అవుతుందేమోనన్న ఆధారం మన హైదరాబాద్‌ నిమ్స్‌ నుంచే వచ్చింది. సువర్ణ అల్లాడి బృందం డిమెన్షియా వచ్చిన 648 మంది రోగుల వివరాలను 2013లో ప్రచురించింది. ఒక్క భాషే వచ్చినవాళ్ల కంటే రెండు, అంతకు మించి భాషలు వచ్చినవాళ్లలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువురానివాళ్లలో కూడా ఆ తేడా కనబడింది. కాబట్టి ఇదంతా చదువు మహిమేనని కొట్టిపారేయడానికి లేదు. అన్ని దేశాల అధ్యయనాలూ ఇదే మాట చెప్పలేదు, చర్చ నడుస్తూనే ఉంది. అయినా తెలుగు, దక్కనీ, హిందీ కలగలిపి మాట్లాడే ఊరి లెక్క ఇది. బెంగళూరు, బళ్లారి, బరంపురాల బతుకూ ఇలాంటిదే.

మరి ఇంట్లో ఏం చేయాలి? పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. పిల్లాడు కన్నడంలో జవాబిస్తే ‘తెలుగులో చెప్పు’ అని గద్దిస్తే వాడు అసలే నోరు మూసుకుంటాడు. మీరు మాత్రం తెలుగు ఆపకండి. వాడికి మాట తట్టక ఆగినప్పుడు పూర్తిగా అందించకుండా మొదటి అక్షరం ఇవ్వండి. నోట్లో నానే మాటకు అలాంటి శబ్దమున్న మాట వినబడితే అది త్వరగా బయటపడుతుందని 2000లో వచ్చిన ఒక ప్రయోగం చూపించింది. కర్నూలు బాబాయి, శ్రీకాకుళం పిన్ని ఫోన్‌ చేసినప్పుడు స్పీకరు పెట్టండి, కొత్త గొంతులు చేరతాయి. తాత ఇంకా ఉంటే నాగలి భాగాల పేర్లు చెప్పించి సెల్‌ఫోన్లో రికార్డు చేసుకోండి.

అన్నాల దగ్గర ఆడే ఆట ఒకటుంది. సామెత సగం అని ఆపేయాలి. ‘గుమ్మడికాయ దొంగెవరంటే...’ అని ఊరుకోండి. పిల్లలు మొదటి రోజు చెయ్యి భుజం మీదికి పోనిచ్చి నవ్వుతారు, మాట అనరు. రెండో రోజు సగం కన్నడంలో, సగం తెలుగులో అంటారు. అననివ్వండి. మూడో రోజుకు ఇంకో సామెత తీయండి.